బుచ్చిబాబు గారి సిక్ లైను

బుచ్చిబాబు గారింట్లో అన్నం తినాలంటే ముందు చెయ్యి చూపించాలి. మగవాళ్లయితే కుడి చెయ్యి, ఆడవాళ్లయితే ఎడమ చెయ్యి. ఆయన కళ్లు మూసుకుని నాడి చూస్తారు. తర్వాత నాలుక చాపమంటారు. తర్వాత కింది రెప్ప లాగి, టార్చి వేసి కళ్లు చూస్తారు. చివర్లో గొంతు తగ్గించి ఒక ప్రశ్న అడుగుతారు: "పొద్దున విరేచనం ఏ రంగులో అయిందండీ?" ఈ నాలుగూ గట్టెక్కితే గానీ కంచంలో మెతుకు పడదు. ఇంట్లోవాళ్లకే కాదు, ఆ గడప తొక్కిన ఎవరికైనా ఇదే నియమం. మంచినీళ్లు మాత్రం పరీక్ష లేకుండా ఇస్తారు, అవి కూడా గోరువెచ్చగా.

గ్యాస్ బండ తెచ్చిన మహిపాల్ ఒకసారి "మస్తు దూప అయితుంది సారూ, జర మజ్జిగ ఇస్తరా" అని అడిగిన పాపానికి పావుగంట గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ ఒంటికి ఉత్త మజ్జిగ పడదు బాబూ. ఇంగువ, సైంధవ లవణం వేసి ఇస్తాను. ముందు ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పండి" అన్నారు బుచ్చిబాబు గారు.

"గదెందుకు సార్, నేను మజ్జిగ అడిగిన."

"అందుకే అడుగుతున్నాను."

అప్పటినుంచి మహిపాల్ బండను గేటు దగ్గరే దించి, బెల్లు కొట్టి, మనిషి బయటికి వచ్చేలోపు సందు మలుపు తిరిగిపోతున్నాడు. ఆ బండను రెండంతస్తులు మోసేది బుచ్చిబాబు గారి కొడుకు హృషికేశ్.

అయితే ఆ ఇంట్లో ఈ వ్యవహారంతో ఎక్కువగా వేగింది కొడుకు కాదు, కోడలు సంతోషి. ఆమెది జనగామ వైపు. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. అత్తగారిదీ మామగారిదీ సామర్లకోట. రైల్వే ఉద్యోగం వాళ్లను హైదరాబాదుకు తెచ్చి నాచారంలో స్థిరపరిచింది. ప్రేమించి పెళ్లి చేసుకున్న కొత్తలో ఆమె "ఏంది" అంటే వాళ్లు నవ్వేవారు, వాళ్లు "ఏవిటీ" అంటే ఆమె నవ్వేది. పదేళ్లయ్యాక ఎవరూ నవ్వడం లేదు. మామగారంటే ఆమెకు ఇష్టమే. ఆ ఇష్టం ఈ నాడి మొదలయ్యాక కాస్త అరిగింది.

ఆయన రైల్వేలో టీఎక్స్‌ఆర్‌గా చేసి రిటైరయ్యారు. బండి కదలకముందు దాని పక్కనే నడుస్తూ, చిన్న సుత్తితో ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి, ఆ మోత విని, ఏది గట్టిగా ఉందో ఏది బీట వారిందో చెప్పే ఉద్యోగమది. అనుమానం వచ్చిన పెట్టె మీద సుద్దముక్కతో 'సిక్' అని రాస్తారు. దాన్ని బండి నుంచి విడదీసి, సిక్ లైను అని వేరే పట్టాలుంటాయి, అక్కడికి తోయించేస్తారు. బాగుపడ్డాక 'ఫిట్' అని రాసి మళ్లీ కలుపుతారు. ముప్పై నాలుగేళ్లు ఇదే పని చేసిన చెయ్యి రిటైరైనంత మాత్రాన ఊరుకోదు గదా. పుచ్చకాయ మొదలుకొని పైన నీళ్ల ట్యాంకు దాకా అన్నిటినీ వేలి కణుపుతో కొట్టి చూస్తూ ఆరేళ్లు కాలక్షేపం చేశారు. అందువల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది. ఇబ్బంది మొన్న జూలైలో మొదలైంది.

అదే జూలైలో సంతోషికి అంతకన్నా పెద్ద దిగులు పట్టుకుని ఉంది. ఆమె తండ్రి పోశయ్య నాచారం ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా పనిచేసినవాడు. భార్య పోయాక పీర్జాదిగూడలో ఒక గదిలో ఒక్కడే ఉంటూ, పచ్చిమిరపకాయ నంజుకోనిదే ముద్ద ఎత్తకుండా, మోకాళ్ల నొప్పులకు కనిపించిన మాత్రల్లా మింగుతూ బతికాడు. ఒకరోజు పొద్దున్నే రక్తం కక్కుకున్నాడు. కడుపులో పుండన్నారు. వారం దవాఖానలో ఉంచి పంపుతూ డాక్టరు సంతోషితో గట్టిగా చెప్పాడు: "మందులు ఒక్క పూట కూడా తప్పొద్దు. మూడు నెలలు మెత్తటి తిండి, కారం లేకుండా, వేళకు పెట్టాలి. మళ్లీ రక్తం పోతే ఈ వయసులో తట్టుకోలేడు." రోజూ ఏమేం కనిపెట్టి చూడాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు కూడా.

సంతోషి తండ్రిని తన ఇంటికే తీసుకొచ్చింది. కాగితాన్ని ఫ్రిజ్‌కు అతికించింది. అందులో ఉన్నది అడగబోతే పోశయ్య మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "బిడ్డవు. గివన్ని నువ్వు అడుగొద్దు" అన్నాడు. ఆమె మరి అడగలేకపోయింది. రెండు రోజులకు ఫ్రిజ్ మీద ఆ కాగితం కూడా కనిపించకుండా పోయింది. సంసారంలో పోయే వంద కాగితాల్లో అదొకటి అనుకుంది.

అసలు గండం తిండి దగ్గర వచ్చింది. ఇంట్లో అందరికీ గుత్తొంకాయ కూర. పోశయ్యకు మాత్రం మెత్తగా ఉడికించిన పెసరపప్పూ అన్నం. పొద్దున స్కూలుకు పోయే ముందు సంతోషి రెండు వంటలు చేయడం ఆయన మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు సాయంత్రం తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"ఏంది నాయినా ఇది?"

"రూముకు పోత బిడ్డా. నా ఒక్కనికోసం నువ్వు ఇంకో పొయ్యి అంటిస్తున్నవు. బిడ్డ అత్తగారింట్ల కూసుండి, అందరు ఒకటి తింటుంటే నేను రోగిష్టోని లెక్క ఇంకోటి తినుడు నాతోని గాదు."

"రూముల ఎవలు వండి పెడ్తరు?"

"సందు మూలకు బండి ఉన్నది గదా."

ఆ బండి మీద దొరికేవి మిర్చి బజ్జీలు, పకోడీలు. ఆయన వెళ్తే ఏమవుతుందో సంతోషికి స్పష్టంగా కనిపించింది. కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఆదివారం దాకా ఆపింది. హాల్లో పేపరు చదువుతున్న బుచ్చిబాబు గారు ఈ మాటలు విన్నారో లేదో ఆమె గమనించలేదు.

ఆ ఆదివారమే ఆయన పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకుని ఎక్కడికో వెళ్లి, మధ్యాహ్నం రెండింటికి ఒక నోటుపుస్తకం, ఒక సంచీడు వేళ్లూ గింజలూ పట్టుకుని వచ్చారు. బోడుప్పల్‌లో అన్నపూర్ణమ్మ గారని ఒకావిడ ఆయుర్వేద వంట నేర్పుతుందట, అందులో చేరారట. ఇరవై మంది ఆడవాళ్లలో ఈయనొక్కరే మగవారు. ఇంటికి ఒక రోగి చాలడా అనుకుంది సంతోషి.

అందరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆయన ప్రకటించారు. "ఈ ఇంట్లో ఎవరూ ఫిట్‌గా లేరు."

"నాకేమైందండీ?" అని అడిగింది ఆయన భార్య అనంతలక్ష్మి.

"నీది వాతం. మెట్లెక్కుతుంటే నీ మోకాళ్ల మోత నాకు కింద వినిపిస్తుంది. అబ్బాయిది కఫం. ఎనిమిదింటికి లేస్తాడు, తొమ్మిదింటికి మళ్లీ ఆవలిస్తాడు. అమ్మాయ్ సంతోషీ, నీది పిత్తం. చిరాకు ఎక్కువ."

"నాకు చిరాకెక్కడున్నది మామయ్యా?" అంది సంతోషి చిరాగ్గా.

మూడో తరగతి చదివే మనవరాలు స్నిగ్ధ చెయ్యెత్తింది. "నేను తాతయ్యా?"

"నువ్వు కొత్త బండివి. నిన్ను వారానికోసారి చూస్తే చాలు."

పోశయ్యకు ఇదంతా తమాషాగా ఉంది. "నేనేంది మరి బావా?"

"మీరూ నేనూ పిత్తం బావగారూ. రేపటినుంచి ఈ ఇంట్లో ఎవరి వంట వాళ్లదే. రోజూ నాడి చూసి వంట నేనే చేస్తాను. అందరం సిక్ లైన్లోనే ఉన్నాం."

పోశయ్య వారం రోజుల్లో మొదటిసారి నవ్వాడు. సంచి తీసి మళ్లీ మంచం కింద పెట్టాడు. "మీ మామ ఏం జేస్తడో సూసి పోత. రెండు రోజులల్ల పోత" అని కూతురి చెవిలో చెప్పాడు.

ఆ రెండు రోజులూ ఎవరూ మరిచిపోలేరు. నలభై ఏళ్లుగా వంటిల్లు ఏలిన అనంతలక్ష్మిని కుర్చీ వేసి గుమ్మం బయట కూర్చోబెట్టారు. పొయ్యికి ఉన్నవి మూడు మంటలు, వంటలు నాలుగు. కుక్కరు కూత వేసినప్పుడల్లా బుచ్చిబాబు గారు పచ్చజెండా ఊపినట్టు గరిటె ఊపేవారు. కొడుక్కి ఉలవకట్టు, జొన్నరొట్టె, మిరియాల చారు. భార్యకు నెయ్యి వేసిన వేడివేడి పొంగలి. పిత్తం వాళ్లకు పొట్లకాయ, ధనియాల చారు. స్నిగ్ధకు ఏదో మిశ్రమం. మధ్యాహ్న భోజనం సాయంత్రం నాలుగింటికి బల్ల మీదికి వచ్చింది. ఇంగువ చెంచాల లెక్కన వేయడంతో ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు.

"నాన్నా, కాస్త పెరుగు" అన్నాడు హృషికేశ్.

"కఫానికి పెరుగా? ఇప్పుడే ఆవలింతలు. పెరుగేస్తే ఆఫీసులో గురకే."

"పిత్తం వాళ్లకు వేశారుగా."

"అది మజ్జిగ. అందులో సగానికి సగం నీళ్లు. నీ కంచం నువ్వు చూసుకో."

రెండో వారంలో ఒక పొరపాటు జరిగింది. కంచాలు తారుమారై, అల్లం మిరియాలు దట్టించిన కఫం కూర పోశయ్య ముందుకు వచ్చింది. ఆయన మొదటి ముద్ద కలిపి ఎత్తబోయేంతలో బుచ్చిబాబు గారు వచ్చి కంచం లాగేసుకున్నారు. ముద్ద కలిపిన వియ్యంకుడి ముందునుంచి కంచం లాక్కోవడం ఏ తెలుగింట్లోనూ జరగని పని. బల్ల చుట్టూ అందరూ కొయ్యబారిపోయారు. సంతోషికి ఏడుపొక్కటే తక్కువ. బుచ్చిబాబు గారు మాత్రం నిలబడే ఆ ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"చక్రం మారిపోయింది బావగారూ. ఏమీ అనుకోకండి" అన్నారు నములుతూ.

"నా ఎంగిలి ముద్ద తింటివి గద బావా" అన్నాడు పోశయ్య. ఆ మాట ఆయన ఎంతో మెత్తగా అన్నాడు.

మర్నాటినుంచి కుర్చీలకు గుర్తులు వచ్చాయి. కోడలి హ్యాండ్‌బ్యాగులోంచి సుద్దముక్కలు తీసి, ప్రతి కుర్చీ వెనక్కి ఆనుకునే చెక్క మీద వా, పి, క అని పెద్ద అక్షరాలతో రాసేవారు. హృషికేశ్ ఒకరోజు టిఫిన్ తిని, నీలం చొక్కా వీపు మీద తిరగబడ్డ 'క'తో ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, రాయదుర్గం దాకా నిలబడే వెళ్లాడు. మీటింగులో మేనేజరు అడిగితే ఇంటి దగ్గర సున్నాలు వేస్తున్నారని చెప్పాడట. ఆ రాత్రి చొక్కా వీపు ఉతుక్కుంటూ "మా నాన్న నన్ను గూడ్సు బండి చేసేశాడు" అని సంతోషి దగ్గర వాపోయాడు.

ఎంత విసిగినా ఒక మాట ఒప్పుకోవాలి. మూడో ఆదివారం నుంచి వంట దారిలో పడింది. నాలుగు రకాల మనుషులకు నాలుగు వంటలు చేయనక్కర్లేదని అన్నపూర్ణమ్మ గారు ఆ రోజు నేర్పారట. పాత బియ్యం ఒక గిన్నె, పెసరపప్పూ సొరకాయా కలిపి ఉప్పూ పసుపుతో చప్పగా ఉడికించినది ఒక గిన్నె. అంతవరకూ అందరికీ ఒకటే. తాలింపు దగ్గర విడదీయాలి. ఒకరికి నెయ్యిలో ఇంగువ, వాము. ఇంకొకరికి చుక్క నూనెలో అల్లం, మిరియం. ఇంకొకరికి నెయ్యిలో జీలకర్ర, ధనియాలు, పైన కొత్తిమీర. బుచ్చిబాబు గారు ఇది తానే కనిపెట్టినంత గర్వంగా ఇంటికి వచ్చి చెప్పారు. వంట గంటలో అయిపోసాగింది. అనంతలక్ష్మికి వంటింట్లోకి మళ్లీ ప్రవేశం దొరికింది, తాలింపు గరిటె పట్టుకునే హోదాలో. ఏ తాలింపు ఎప్పుడు చిటపటమంటుందో ఆయన చెవితోనే చెప్పేవారు. ముప్పై నాలుగేళ్ల చెవి ఆవాల దగ్గర పనికొచ్చింది. తిండి రుచిగా కూడా ఉందని సంతోషి మనసులో ఒప్పుకుంది, పైకి అనలేదు.

పోశయ్య రెండు రోజులూ రెండు నెలలయ్యాయి. పచ్చిమిరపకాయ కోసం మాత్రం ఆయన ప్రాణం లాగేది.

"ఒక్కటే ఒక్క మిరపకాయ బావా. కొరుకుత గంతే. మింగ."

"తినండి. నేనూ పిత్తమే. మా ఊళ్లో పుట్టినవాడు ఆవకాయ లేకుండా ఉండడం అంటే ఏమిటో మీకు తెలీదు. మీరు కొరుకుతుంటే నాకు నోరూరుతుంది. నేను జాడీ దించుతాను. ఇద్దరం కలిసి చెడిపోదాం."

పోశయ్య మిరపకాయ కింద పెట్టేసేవాడు. "వద్దులే. నా మూలంగ నీ పత్యం ఎందుకు చెడాలె."

ఒక సాయంత్రం సంతోషి వంటింట్లోకి వెళ్లేసరికి మామగారు ఆవకాయ జాడీ మూత తీసి, కళ్లు మూసుకుని, ముక్కు లోపలికంటా పెట్టి ఉన్నారు.

"ఏంజేస్తున్నరు మామయ్యా?"

"బూజు పట్టిందేమో చూస్తున్నానమ్మా."

"నిన్న గూడ సూసిన్రు గదా."

"బూజుకు టైమ్ టేబులేం ఉంటుంది."

ఆమె నవ్వుకుని వచ్చేసింది. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. స్కూలు ప్రిన్సిపల్ రాజేశ్వరమ్మ గారు అటుగా వచ్చి, పోశయ్యను పలకరించి పోదామని ఇంటికి వచ్చారు. స్కూలంతా హడలిపోయే మనిషి. భోజనం వేళ కావడంతో అనంతలక్ష్మి మర్యాదకు కూర్చోమంది. ఆవిడ మొహమాటానికి కూర్చున్నారు. పోశయ్య పక్క కుర్చీలో ఉన్నాడు. బుచ్చిబాబు గారు టార్చితో వచ్చారు. సంతోషి బల్ల కింద ఆయన కాలు తొక్కింది. అది హృషికేశ్ కాలు.

"ఎడమ చెయ్యి ఇలా ఇవ్వండమ్మా. నాలుక. కళ్లు. రక్తం కాస్త తక్కువే, ఖర్జూరం తినండి. ఆఖరుగా ఒక్క ప్రశ్న."

ఆ ప్రశ్న అయ్యాక రాజేశ్వరమ్మ గారు గ్లాసెడు గోరువెచ్చటి నీళ్లు తాగి, పనుందని లేచి వెళ్లిపోయారు. మర్నాడు స్టాఫ్ రూములో సంతోషి అడుగుపెడితే ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండా ఆపుకుంటున్న నవ్వు మాత్రం గది నిండా ఉంది.

ఆ సాయంత్రం ఆమె మామగారి ముందు నిలబడింది. "ఇగ చాలు మామయ్యా. వచ్చే సోమవారం నుంచి ఇంట్ల అందరికి ఒకటే వంట. నాడి లేదు, సుద్ద లేదు, ఏం లేదు. నేనే వండుత."

బుచ్చిబాబు గారు ఏదో చెప్పబోయి, హాల్లో పోశయ్య ఉన్న వైపు చూసి, ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం ఆమెకు మొండితనంలా కనిపించింది. ఈయనతో కాదు, నేర్పేవాళ్లతోనే తేల్చుకోవాలనుకుని ఆదివారం ఆయన జలుబుతో పడుకుని ఉండగా, తనే ఆటో ఎక్కి ఉప్పల్ రింగురోడ్డు మీదుగా బోడుప్పల్ వెళ్లింది.

అన్నపూర్ణమ్మ గారు డెబ్బై దాటిన సన్నటి మనిషి. అపార్ట్‌మెంటు కింద హాల్లో బల్లలు తుడుచుకుంటున్నారు. సంతోషి ఎవరో చెప్పగానే ఆవిడ మొహం విప్పారింది. "బుచ్చిబాబు గారి కోడలివా? ఆయన్ని నువ్వైనా ఒప్పించమ్మా. ఆయనది అచ్చంగా కఫం. ఆ పత్యం ఆయన తిననక్కర్లేదు, కారం మానక్కర్లేదు. నాలుగుసార్లు చెప్పాను, వినరు."

సంతోషి తేల్చుకుందామని దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ వదిలేసింది. "మరెందుకు తింటున్నరు?"

"నీకు తెలీదా?" ఆవిడ ఒక నిమిషం ఆలోచించి, కుర్చీ చూపించారు. "మొదటి రోజు వచ్చి ఏమన్నారో చెప్తాను. 'అమ్మా, మా ఇంట్లో ఒక మనిషికి పత్యం పెట్టాలి. వండడం మా కోడలికి వచ్చు. కానీ ఆయనొక్కడికే వేరే వండితే తినడు. సంచి సర్దుకుని వెళ్లిపోతాడు. అందుకని మా ఇంటిల్లిపాదికీ వేరువేరుగా వండడం నేర్పండి. ఎవరికీ ఏ జబ్బూ లేకపోయినా ఫరవాలేదు' అన్నారు. ఎందుకండీ ఇంత శ్రమ అంటే, 'ఒక్క పెట్టె మీద సిక్ అని రాస్తే దాన్ని విడదీయాలి. బండి మొత్తానికీ రాసేస్తే ఇక విడదీయడానికి ఏముంటుంది' అన్నారు."

సంతోషి అడిగింది. "మరి గా నాడి? అది మీరే నేర్పిన్రా?"

"నాడా? నాకే రాదమ్మా. నేను వంట వరకే."

పోయిన వారం ఆయన మరిచిపోయి వెళ్లిన నోటుపుస్తకం ఆవిడ తెచ్చి ఇచ్చారు. మొదటి పేజీలో డాక్టరు కాగితం అతికించి ఉంది. గుండె దడగా కొట్టుకుంటోందా. నాలుక తెల్లబడిందా. కళ్లు పాలిపోయాయా. చివరి వరుస కింద డాక్టరే రెండు గీతలు కొట్టాడు: మలం నల్లగా వస్తే ఆ రోజే తీసుకురావాలి. తర్వాతి పేజీల్లో రోజుకొక వరుస, ఇంట్లో అందరి పేర్లు. అనంతలక్ష్మి నుంచి స్నిగ్ధ దాకా అందరి కింద మొదటి రోజు నుంచీ 'ఫిట్', 'ఫిట్', 'ఫిట్'. పోశయ్య పేరు కింద మాత్రం ప్రతి రోజూ నాలుగు జవాబులు, చిన్న అక్షరాలతో, పోయిన ఆదివారం దాకా ఒక్క రోజు తప్పకుండా.

బిడ్డ అడగకూడని ప్రశ్నను ఆయన ఊరంతటినీ అడిగారు, పోశయ్యకు అది ఊరందరి ప్రశ్న కావాలని. సంతోషికి సిగ్గేసింది. తన తండ్రి గురించి రోజూ తను అడగాల్సింది అడగలేక వదిలేస్తే, ఆ పని ఇంకొకరు నెత్తికెత్తుకుని పిచ్చివాడనిపించుకుంటున్నారు. రాజేశ్వరమ్మ గారి సంగతి తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకేముంది? పక్క కుర్చీలో పోశయ్య ఉన్నాడు, నియమం తప్పకూడదు, అంతే. అది తట్టగానే ఆమెకు ఆ హాల్లో, ఆ పెద్దావిడ ముందు, ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఆవిడ కూడా నవ్వారు, ఎందుకో తెలియకపోయినా.

సోమవారం వచ్చింది. సంతోషి వంట మొదలుపెట్టలేదు. స్కూలు నుంచి వస్తూ ఒక డబ్బా సుద్దముక్కలు కొని తెచ్చి మామగారి టార్చి పక్కన పెట్టింది. భోజనానికి కూర్చున్నాక ఎడమ చెయ్యి ఆమే ముందు చాపింది. బుచ్చిబాబు గారు ఆమె మొహంలోకి ఒకసారి చూశారు. బల్ల మీద తన నోటుపుస్తకం చూశారు. కళ్లు మూసుకుని నాడి పట్టుకున్నారు.

"ఎట్లున్నది మామయ్యా?"

"చిరాకు తగ్గిందమ్మా" అన్నారు.

హృషికేశ్‌కు ఆ రాత్రే సంగతి చెప్పింది. అతను పెరుగు అడగడం మానేశాడు. ఆఫీసుకు పోయే ముందు చొక్కా వీపు తనే దులుపుకుంటున్నాడు.

అక్టోబరులో మూడు నెలలూ నిండాయి. పోశయ్యకు మళ్లీ గొట్టం వేసి చూశారు. రిపోర్టు మర్నాడు ఇస్తామంటే సంతోషి స్కూలు నుంచి అటే వెళ్లి తెచ్చుకుంది. పుండు పూర్తిగా మానిందని, కారం కాస్త తగ్గించుకుని మామూలు తిండి తినొచ్చని, ఇక భయం లేదని డాక్టరు చెప్పాడు. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంటికి చేరేలోపు సందు మొదట్లో కిరాణా కొట్టు దగ్గర బుచ్చిబాబు గారు ఎదురొచ్చారు. చేతిలో సంచి కూడా లేదు.

"ఏమన్నాడమ్మా?"

"మానిపోయింది మామయ్యా. మొత్తం మానిపోయింది."

ఆయన పక్కనున్న కరెంటు స్తంభాన్ని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత గొంతు తగ్గించారు.

"మీ నాన్నగారికి అప్పుడే చెప్పకు. బాగైందని తెలిస్తే రేపే సంచి సర్దుతాడు. పీర్జాదిగూడలో ఆ గదిలో ఒక్కడూ ఏం తింటాడు? నాలుగు రోజులు పోనీ. ఏదో ఒకటి ఆలోచిద్దాం."

ఆమె తలూపి ఇంట్లోకి వచ్చింది. చెప్పులు విప్పుతుండగానే పోశయ్య బట్టలు ఆరేసే బాల్కనీలోకి రమ్మని సైగ చేశాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"మానిందా బిడ్డా?"

తండ్రితో అబద్ధం ఆడడం ఆమెకు చేతకాలేదు. "మానింది నాయినా."

"నాకెర్కనే. వారం సంది ఆకలైతున్నది." ఆయన ఆరేసిన తువ్వాలు సర్దాడు. "మీ మామకు జెప్పకు."

"ఎందుకు?"

"ఆయనకు గీ వంట పిచ్చి పట్టింది గదా. ఇంట్ల ఎవ్వలకు ఇష్టం లేదు, నాకు తెల్వదా? మీ ఆయన మూతి సూస్తలేనా నేను? నేనొక్కన్ని తింటున్న గన్క ఆయన సంబురంగ వండుతున్నడు. నాకు నయమైంది, పోతున్న అంటె పాపం ఆయన గుండె పగుల్తది. ముసలితనంల మనిషికి ఏదో ఒక ఆసరా ఉండాలె బిడ్డా. ఇంకొన్ని నెలలు నేనే ఎట్లనో అట్ల సర్దుకుంట."

సంతోషి ఆ తువ్వాలుకు క్లిప్పు పెట్టింది. "సరే నాయినా, నీ ఇష్టం" అంది.

భోజనాల దగ్గర అందరూ చెయ్యి చూపించారు, నాలుక చాపారు. పెసరపప్పు సొరకాయ, ధనియాల చారు. వియ్యంకులిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఎవరి కంచంలోకి వాళ్లు ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు. ఏమీ తెలియని అనంతలక్ష్మి చారు వడ్డిస్తూ అడిగింది. "అవునే సంతోషీ, రిపోర్టు వచ్చిందా?"

రెండు ముద్దలు రెండు నోళ్ల దగ్గర ఆగాయి.

"ఇంక రాలేదత్తమ్మా. జర టైము పడ్తదన్నరు. అప్పటిదాంక గిదే తిండి పెట్టమన్నరు" అంది సంతోషి.

ఇద్దరూ ఒకేసారి అన్నం గిన్నె కోసం చెయ్యి చాపారు.